మంచిగైందా అని ఎవర్ని అడగాలి?

ఆస్పత్రి నుంచి ఎవరైనా ఇంటికి వచ్చారని తెలిస్తే మనం ఊరుకోలేం. అరడజను అరటిపళ్లో, నాలుగు బత్తాయిలో సంచీలో వేసుకుని వెళ్లి చూసి రావలసిందే. వెళ్లి మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంటాం. "ఎట్లున్నది? మంచిగైందా?" అని అడుగుతాం. మా సుల్తానాబాద్‌లో ఎవరింటికి వెళ్లినా మొదట వినిపించే మాట అదే.

ఇక్కడ ఒక చిన్న విచిత్రం ఉంది, మీరు గమనించారో లేదో. ఆ మాట మంచం మీద ఉన్న మనిషి ముందే అడుగుతాం గాని ఆ మనిషిని అడగం. భార్యకేసో, కొడుకుకేసో, కోడలికేసో చూస్తూ అడుగుతాం. జవాబు కూడా వాళ్లే చెబుతారు. "ఇప్పుడు మంచిగనే ఉన్నడు. తింటున్నడు, పంటున్నడు" అంటారు. మంచం మీది మనిషి మనవైపు ఒకసారి, వాళ్లవైపు ఒకసారి చూస్తూ ఉంటాడు. పెళ్లిచూపుల్లో పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని పిల్ల రంగు గురించీ, ఎత్తు గురించీ పెద్దవాళ్లు మాట్లాడుకుంటారే, అచ్చం అలాగన్నమాట. ఆ పీట మీద కూర్చున్న అనుభవం మనలో చాలామందికి ఉంది కాబట్టి, మంచం మీది మనిషి సంగతి మనకు కొంచెం తొందరగానే అర్థం కావాలి.

నయం కావటం అంటే ఏమిటి? అది ఎవరు తేల్చాలి? పైకి మర్యాదకు సంబంధించిన చిన్న సంగతిలా కనిపించినా, దీని వెనక ఇంత పెద్ద ప్రశ్న దాక్కుని ఉంది.

డాక్టరుగారికి నయం కావటానికి ఒక అర్థం ఉంది. రక్తపోటు అదుపులోకి వచ్చింది, కుట్లు మానాయి, ఎముక కుదురుకుంది, ప్రాణగండం గడిచింది. ఆయన చేతిలో ఉన్న పని ఆయన చేశాడు. అది తక్కువ పనేమీ కాదు. వెనకటి రోజుల్లో కాలూ చెయ్యీ పడిపోతే మంచం వేసి, నూనెలు మర్దించి, ఎవరో చెప్పారని పావురం నెత్తురు కూడా పూసి, భారం దేవుడి మీద వేసేవాళ్లు. ఇప్పుడు అలా కాదు. కరీంనగర్ మాకు ముప్ఫై కిలోమీటర్ల లోపే. రామగుండంలో 2022లో, కరీంనగర్‌లో 2023లో సర్కారు వైద్య కళాశాలలు కూడా వచ్చాయి. ప్రాణం నిలబెట్టే విద్య మన గడపకు దగ్గరగా వచ్చింది. సంతోషించవలసిన సంగతే.

కాని ప్రాణం నిలిచిన మనిషి ఆ గడప లోపల ఎలా బతకాలన్నది వేరే సంగతి. డిశ్చార్జి రోజు హడావిడి మీకు తెలియనిది కాదు. బిల్లు కట్టటానికి ఒకరు పరుగెత్తుతారు, మందులకు ఒకరు పరుగెత్తుతారు. ఫ్లాస్కూ, చెంబూ, దుప్పటీ మూటగట్టే పని ఎలాగూ మనదే. ఆఖరికి చేతికొక కాగితం వస్తుంది. అందులో మందుల పేర్లు ఉంటాయి, ఏ పూట ఏది వేసుకోవాలో ఉంటుంది, మళ్లీ ఎప్పుడు రావాలో ఉంటుంది. చాలాసార్లు అడుగున ఎక్కడో 'ఫిజియోథెరపీ' అని ఒక్క ముక్క ఉంటుంది. ఎవరు చెయ్యాలి, ఎక్కడ చెయ్యాలి, ఎన్నాళ్లు చెయ్యాలి, దేనికోసం చెయ్యాలి అన్నది ఉండదు. ఈమె ఇంట్లో స్నానాల గది లోపల ఉందా, పెరటి చివర ఉందా? గడప ఎంత ఎత్తు? ఈమెను లేపి కూర్చోబెట్టేది ఎవరు? ఆ గలాభాలో ఇవన్నీ అడిగే తీరిక ఎవరికుంటుంది?

అడగకపోతే ఏమవుతుందంటారా? పక్షవాతం వచ్చిన మనిషికి ఒక్కోసారి అన్నం కంటే మంచినీళ్లే ప్రమాదం. మింగే కండరాల పట్టు తప్పినప్పుడు పల్చటి నీళ్లు దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పడుకున్న మనిషి నోట్లో ప్రేమగా పోసిన గ్లాసెడు నీళ్లు న్యుమోనియాగా తేలవచ్చు. పడిపోయిన చేతిని పట్టుకుని లాగి లేపితే భుజం కీలు జారవచ్చు. కదలలేని మనిషిని రెండేసి గంటలకోసారి పక్కకు తిప్పకపోతే ఒంటికి పుళ్లు పడతాయి. ఇవేవీ పెద్ద చదువులు కావు. ఎవరైనా పావుగంట కూర్చుని, చేసి చూపించి, మనచేత చేయిస్తే వచ్చే పనులు. అందుకే ఈ విద్యలో ముగ్గురిని పెట్టారు. కాలూ చెయ్యీ కదలికను చూసేవారు ఫిజియోథెరపిస్టు. స్నానం, బట్టలు, వంట వంటి రోజువారీ పనుల్ని చూసేవారు ఆక్యుపేషనల్ థెరపిస్టు. మాటనూ, మింగటాన్నీ చూసేవారు స్పీచ్ థెరపిస్టు. మొదటివారి పేరు మనం విన్నాం. తక్కిన ఇద్దరి పేర్లు మన వీధిలో ఎంతమందికి తెలుసో మీరే లెక్కపెట్టుకోండి.

మా ఊరు రైసు మిల్లుల ఊరు. మా వీధిలో ఒక కాక ముప్ఫై ఏళ్లకు పైగా మిల్లులో గుమాస్తా. లెక్కల మనిషి. ఆయనకు కుడివైపు కాలూ చెయ్యీ పడిపోయి, పన్నెండు రోజులు ఆస్పత్రిలో ఉండి ఇంటికి వచ్చాడు. చిన్నమ్మ ఆయనకు చేసిన సేవ ఇంతా అంతా కాదు. లేపటం, పండబెట్టటం, మొహం తుడవటం, బువ్వ కలిపి బుక్క బుక్కా నోట్లో పెట్టటం అన్నీ ఆమే. ఆయన ఎడమచెయ్యి నిక్షేపంగా ఉంది. కాని ఎడమచేత్తో అన్నం తినటమా? ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు! ఒక్క చెంచాతో తీరిపోయే చిక్కు అది. ఆ చెంచా సంగతి నాలుగు నెలల దాకా ఎవరికీ తోచలేదు. ఈలోగా ఆ ఎడమచెయ్యి కూడా పని మరిచిపోయింది. చెయ్యని పనిని ఒళ్లు ఎంత తొందరగా మరిచిపోతుందో, పండుగకు పుట్టింటికి వెళ్లి పది రోజులు కూర్చుని వచ్చినవాళ్లకు తెలుసు.

ఆఖరికి కొడుకు ఆయన్ను కరీంనగర్ తీసుకువెళ్లాడు. అక్కడి ఫిజియోథెరపీ అమ్మాయి, చిన్న పిల్లే, ఆయన ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుని, "మీకు మొట్టమొదట ఏది రావాలె?" అని ఆయన్నే అడిగింది. కాకకు మాట సరిగా రాదు. కొడుకు చెప్పబోయాడు. ఆ అమ్మాయి చెయ్యెత్తి ఆపింది. చాలాసేపటికి కాక తన ఒంటిమీది బనీను పట్టుకుని లాగి చూపించాడు. నడక కాదు, మాట కాదు, ఆయనకు కావలసింది చొక్కా! రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకుని మిల్లుకు వెళ్లిన మనిషి. నాలుగు నెలలుగా చూడవచ్చిన ప్రతివాళ్ల ముందూ బనీనుతో పడుకుని ఉన్నాడు. తొడగటం కష్టమని చొక్కా మానిపించారు. ఎవరూ చెడ్డవాళ్లు కారు. ఎవరూ అడగలేదు, అంతే.

పడిపోయిన చేతిని ముందు దూర్చి, మంచి చేతిని తర్వాత దూర్చాలట. విప్పేటప్పుడు దానికి తిరగేసి. మొదటిరోజు చొక్కా తొడుక్కోవటానికి ఆయనకు పావుగంట పట్టింది. పక్కన నిలబడ్డ చిన్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. "నా చేతులు ఊకోలేదు బిడ్డా, ఆపుకునే సరికి నా పానం పోయింది" అంది నాతో తర్వాత.

ఆ మాట నన్ను వదలలేదు. మనకు సేవంటే చెయ్యటమే తెలుసు. చెయ్యకుండా నిలబడటం కూడా సేవేనని మనకెవరూ చెప్పలేదు. పసిపిల్లల దగ్గర మాత్రం ఇది మనకు వచ్చు. నడక నేర్చే పిల్ల పడుతుందని తెలిసీ రెండడుగుల దూరంలో చేతులు చాచి కూర్చుంటాం, పట్టుకోం. అదే పని పెద్దవాళ్ల దగ్గర చేస్తే రాతిగుండె అంటారు. అంతా చేసి పెట్టేవాళ్లను వీధి మెచ్చుకుంటుంది. చేసుకోనిచ్చేవాళ్లకు ఆ మెప్పు దక్కదు. పైగా చేసి పెట్టటంలో మనకు ఇంకో లాభం కూడా ఉంది, మనలో మన మాట. మన పని తొందరగా అయిపోతుంది. అవతల పొయ్యి మీద పప్పు పొంగుతుంటే, ఒక మనిషి గుండీలు పెట్టుకునే దాకా కాచుకునే ఓపిక ఎవరికి ఉంటుంది?

సరే, కాక కథ ఒక తీరు. మా వదినె కథ దానికి పూర్తిగా ఎదురు. ఆమెకూ పక్షవాతమే, కాని చిన్నది. ఎడమచెయ్యి కొంచెం మొద్దుబారింది. అయిదో రోజున ఇంటికి వచ్చింది. ఎనిమిదో రోజున పొయ్యి దగ్గర ఉంది. చూడబోయిన నాతో ఇంట్లోవాళ్లు సంతోషంగా చెప్పారు, "మంచిగైంది, తన పని తను చేసుకుంటున్నది" అని. తొమ్మిదో రోజున కాలిన పెనం అంచు ఎడమచేత్తో పట్టుకుంది. చురుక్కుమంటే వదిలేసేదే. చురుక్కుమనలేదు. చర్మం కమిలిన వాసన ముక్కుకు తగిలాక చూసుకుంది. చెయ్యి కదులుతోందా అని ఆస్పత్రిలో చూశారు. వేడీ చల్లనా తెలుస్తున్నాయా, తెలియకపోతే వంటింట్లో ఏం జాగ్రత్త పడాలి అని ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు.

ఈ రెండు కథల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. కాక 'తన పని తను చేసుకోవటం' అంటే తినటం, కట్టుకోవటం, స్నానం చెయ్యటం. వదినె 'తన పని తను చేసుకోవటం' అంటే ఆరుగురికి వండటం! మగవాడి పని వాడి ఒంటి దగ్గర ఆగిపోతుంది. ఆడదాని పని ఇంటి గోడల దాకా వెళుతుంది. అందుకే ఆయన నాలుగు నెలలు మంచం దిగలేదు, ఆమె నాలుగు రోజులు కూడా మంచం మీద లేదు. ఒకరికి అక్కరకు మించి చేశారు. ఒకరికి అక్కరేమిటో కూడా చూడలేదు. కారణం మాత్రం ఒక్కటే. ఇద్దరి అక్కరనూ ఇల్లు తన వీలును బట్టి కొలుచుకుంది.

ఇది మన ఇళ్లలో మాత్రమే ఉన్న గుణం అనుకునేరు. దేశాలు తిరిగిన గుణం ఇది. మనిషి తన పనులు తాను ఎంతవరకు చేసుకోగలడో కొలవటానికి 1965లో అమెరికాలో ఫ్లోరెన్స్ మహోనీ, డొరోథియా బార్తెల్ అనే ఇద్దరు స్త్రీలు ఒక మార్కుల పట్టీ అచ్చువేశారు. ఒకరు డాక్టరు, ఒకరు ఫిజియోథెరపిస్టు. తినటం, స్నానం, తల దువ్వుకోవటం, బట్టలు కట్టుకోవటం, మలమూత్రాల అదుపు, మరుగుదొడ్డికి వెళ్లటం, మంచం మీంచి కుర్చీలోకి మారటం, నడక, మెట్లెక్కటం... మొత్తం పది అంశాలు, నూరు మార్కులు. ఇప్పటికీ లోకమంతా వాడుతున్న పట్టీ అది. ఆ ఇద్దరూ ఎంత నిజాయితీపరులంటే, నూరుకు నూరు వచ్చినంత మాత్రాన ఆ మనిషి వంట చేసుకుని, ఇల్లు చూసుకుని ఒంటరిగా బతకగలడని అర్థం కాదని అప్పుడే రాసిపెట్టారు.

ఆ లోటు పూడ్చటానికి 1969లో ఫిలడెల్ఫియాలో పావెల్ లాటన్, ఎలేన్ బ్రోడీ అనేవాళ్లు ఇంకో పట్టీ తయారుచేశారు. టెలిఫోను వాడటం, బజారు చెయ్యటం, వంట, ఇంటిపని, బట్టలు ఉతకటం, ప్రయాణం, మందులు వేసుకోవటం, డబ్బు లెక్క చూసుకోవటం. మొత్తం ఎనిమిది. ఇప్పుడు వినండి తమాషా. ఆడవాళ్లకు ఎనిమిదింటికీ మార్కులు వేశారు. మగవాళ్ల దగ్గరికి వచ్చేసరికి వంట, ఇంటిపని, బట్టలు తీసేసి అయిదింటికే వేశారు! తర్వాతి కాలంలో ఎనిమిదీ ఇద్దరినీ అడగటం మొదలుపెట్టారనుకోండి. అయినా, ఫిలడెల్ఫియా ఎక్కడ, సుల్తానాబాద్ ఎక్కడ? ఈ ఒక్క విషయంలో మాత్రం రెండూ ఒకే వీధిలో ఉన్నాయి.

పట్టీలు వద్దని నేననటం లేదు. ఏమీ కొలవకుండా ఇంటికి పంపించటం కంటే ఏదో ఒకటి కొలవటం మేలు. కాని కొలబద్ద ఎవరి జీవితాన్ని చూసి చేశారో కూడా చూసుకోవాలి. ఆ మొదటి పట్టీలో మెట్లెక్కటానికి పది మార్కులున్నాయి. మా వీధిలో సగం ఇళ్లకు మెట్లే లేవు. మరి నేలమీద కూర్చుని లేవటానికి? ఆ పట్టీలో ఒక్క మార్కూ లేదు. మనం తినేదీ, కూర తరిగేదీ, ముగ్గు పెట్టేదీ, పూజ చేసేదీ, చుట్టాలతో ముచ్చట పెట్టేదీ నేలమీదే. మా జిల్లాల్లో బీడీలు చుట్టి సంసారం ఈదే ఆడవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్ల కూలి వెయ్యి బీడీల లెక్కన. అలాంటి మనిషికి చెయ్యి విరిగి కట్టు విప్పాక, పిడికిలి బిగించి చూపించమంటారు. బిగిస్తుంది. 'చెయ్యి బాగుంది' అంటారు. కాని తునికాకు మీద తంబాకు పరిచి, కొసలు మడిచి, దారం చుట్టవలసింది పిడికిలి కాదు, వేళ్ల చివరలు. ఆ చెయ్యి బాగుందో లేదో తేల్చవలసింది ఆమె చేట ముందు.

ఇక్కడ ఒక ఎదురు ప్రశ్న వస్తుంది. వచ్చి తీరాలి కూడా. "ఎవరి పని వాళ్లు చేసుకోవాలి, ఎవరి మీదా ఆధారపడకూడదు అనటం దొరల పద్ధతి కదమ్మా, మన ఇళ్లలో ఒకరిమీద ఒకరు ఆధారపడటం తప్పెప్పుడయింది?" అని మా అత్తమ్మ వరసావిడ ఒకరు నన్ను నిలదీశారు. ఆమె మాటలో న్యాయం ఉంది. పుట్టినప్పుడు ఆధారపడతాం, పోయేముందు ఆధారపడతాం, మధ్యలో కూడా ఏదో ఒక వేళ పడుతూనే ఉంటాం. కొందరికి పోయిన కాలూ చెయ్యీ ఎన్నాళ్లయినా రావు. వాళ్లను పట్టుకుని 'నీ పని నువ్వే చేసుకో' అనటం క్రూరత్వం. జడ తనే వేసుకోగలిగిన ముసలావిడ, మనవరాలి చేత వేయించుకుంటేనే సంతోషమంటే, ఆ జడ మనవరాలే వెయ్యాలి. అది చేతకానితనం కాదు, ముచ్చట.

అయితే అత్తమ్మగారి మాటకు నా జవాబు ఇది. ఆధారపడటం తప్పు కాదు. దేనికి ఆధారపడాలో, దేనికి పడకూడదో ఎంచుకునే హక్కు ఆ మనిషిది. జడ వేయించుకుంటాను గాని స్నానం నేనే చేస్తాను అంటే, ఆ మాటకు విలువ ఉండాలి. అడగందే అమ్మయినా పెట్టదు అని సామెత. జబ్బుమనిషి విషయంలో అది తిరగబడింది. అడగకుండానే అన్నీ పెట్టేస్తున్నాం, అడిగింది తప్ప.

అడిగినప్పుడు జవాబు రాకపోవటానికి ఇంకో కారణం కూడా ఉంటుంది. పక్షవాతం వచ్చినవాళ్లలో దాదాపు మూడోవంతు మందిని మనసు కుంగుదల పట్టుకుంటుందని వైద్యులు చెబుతారు. మన ఇళ్లలో దానికి 'మొండితనం' అని పేరు. "ఏం చెప్పినా ఇనడు, మాటికి ఏడుస్తడు" అంటాం. అదీ చూడవలసిన జబ్బే, దానికీ వైద్యం ఉంది. మాట పోయినవాళ్ల సంగతి ఇంకా అన్యాయం. మాట రానంత మాత్రాన బుద్ధి పోయిందనుకుని, వాళ్ల ఎదుటే ఆస్తి పంపకాలు మాట్లాడేస్తాం. వాళ్లలో చాలామందికి మనం అనుకునేదానికంటే ఎక్కువే అర్థమవుతుంది.

ఇక కొలవవలసిన రెండో మనిషి సంగతి. మంచం మీది మనిషిని లేపేవాళ్లు ఎవరు? మీరు చెప్పనక్కర లేదు. భార్య, కోడలు, కూతురు. చిన్నమ్మకు అరవై ఏళ్లు దాటాయి, ఆమెకు నడుం నొప్పి. ఆమె కంటే బరువైన మనిషిని రోజుకు ఎనిమిది సార్లు లేపటం ఆమెతో అవుతుందా అని ఆస్పత్రిలోనూ అడగలేదు, ఇంట్లోనూ అడగలేదు. 'చేసేవాళ్లున్నారా?' అని అడిగారట, ఉన్నారని చెప్పారట, అక్కడితో సరి. ఇందాక చెప్పిన ఎలేన్ బ్రోడీయే 1981లో ఒక వ్యాసంలో ఇలాంటి ఆడవాళ్లకు 'నడిమధ్య స్త్రీలు' అని పేరు పెట్టింది. ఒకవైపు ముసలి తల్లిదండ్రులు, ఒకవైపు పిల్లలు, ఇంకోవైపు ఉద్యోగం. నడుమ ఒక్క నడుము. ఆ నడుము విరిగితే మంచాలు రెండవుతాయి. కాబట్టి రోగి అక్కరలు రాసే కాగితంలో, చేసే మనిషి పేరు కూడా రాసి, "నీతోని ఎంతవరకు అయితది?" అని అడిగి ఆ జవాబు కూడా రాసుకోవాలి. కాదు అనే జవాబుకు కూడా అందులో చోటుండాలి.

దబ్బుకూడా ఉంది మరి. ఆపరేషనుకు ఎంతవుతుందో అందరం మాట్లాడతాం. అప్పు తెస్తాం, పుస్తె తాకట్టు పెడతాం. ఆ తర్వాత నెలల తరబడి వారానికి మూడుసార్లు కరీంనగర్ పోయి రావటానికి చార్జీలెంత, వెంట వెళ్లే మనిషికి పోయే కూలి ఎంత అన్నది ముందే లెక్క వేసుకోం. అందుకని మూడోవారానికి మానేస్తాం. పక్షవాతంలో మొదటి మూడు నెలలూ బంగారం లాంటివి. ఒళ్లు ఎక్కువగా కోలుకునేది అప్పుడే. ఆ తర్వాత తలుపు మూసుకుపోతుందని కాదు, నెమ్మదిగా తెరుచుకుంటుంది. కేరళలో 2008లో ప్రభుత్వమే ఒక విధానం చేసి, మంచం పట్టినవాళ్ల ఇంటికి నర్సే వచ్చి చూసే పద్ధతిని పంచాయతీల దాకా తీసుకువెళ్లింది. రోగి బస్సెక్కే పని లేదు. ఇంటికి వచ్చిన మనిషికి గడపా, బావీ, పెరడూ, కోడలి మొహమూ అన్నీ ఒక్కసారే కనిపిస్తాయి. ఆస్పత్రి మంచం పక్కన కూర్చుని అడిగితే ఇవన్నీ తెలియవు.

కొలవటంలో ఇంకో మెలిక ఉంది. పోయినదాన్ని కొలుస్తామా, మిగిలినదాన్ని కొలుస్తామా? వేలూరు ఆస్పత్రి మన తెలుగువాళ్లకు కొత్త కాదు, చిత్తూరు సరిహద్దు దాటితే వేలూరే. అక్కడ డాక్టరుగా ఉన్న మేరీ వర్గీస్‌కు 1954లో రోడ్డు ప్రమాదంలో వెన్ను దెబ్బతిని నడుం కింద చచ్చుబడిపోయింది. కాళ్లను కొలిస్తే ఆమెకు వచ్చేది సున్నా. కాని ఆమె చేతులున్నాయి, చదువుంది. చక్రాల కుర్చీలో కూర్చుని కుష్ఠురోగుల వేళ్లకు శస్త్రచికిత్సలు చేసింది. తర్వాత న్యూయార్కు వెళ్లి పునరావాస వైద్యం చదివి వచ్చి, వేలూరులో ఆ శాఖను నడిపింది. 1966లో అక్కడ పునరావాస కేంద్రం మొదలైంది. 1986లో ఆమె కన్నుమూసింది. 'పాపం, కాళ్లు పోయాయి' అన్న దగ్గరే అందరూ ఆగిపోయి ఉంటే, ఆమె ఇరవై ఎనిమిదేళ్ల వయసులోనో ముప్ఫై ఏళ్ల వయసులోనో మంచానికి అతుక్కుపోయి ఉండేది. అందరూ మేరీ వర్గీస్‌లు కాలేరు, కానక్కర లేదు. ఏమి మిగిలిందని అడిగించుకునే హక్కు మాత్రం మా కాకకూ ఉంది, బీడీలు చుట్టే ఆమెకూ ఉంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో ఒక కొత్త లెక్క ఒప్పుకుంది. మనిషి స్థితిని చెప్పేటప్పుడు ఒంట్లో ఏమి చెడిందో ఒక్కటే చూస్తే చాలదు. ఏ పనులు చెయ్యగలుగుతున్నాడు, నలుగురిలో ఎంతవరకు కలవగలుగుతున్నాడు, చుట్టూ ఉన్న ఇల్లూ మనుషులూ అతనికి సాయపడుతున్నారా, అడ్డుపడుతున్నారా అనేవి కూడా చూడాలి. దీన్ని మా వీధి భాషలోకి మార్చి చెబుతాను.

మా వీధి చివర ఒక అవ్వ ఉంది. జారిపడి తుంటి విరిగింది, ఆపరేషను అయింది, చేతికర్రతో నాలుగడుగులు వేస్తోంది. నేలమీద కూర్చోవద్దని గట్టిగా చెప్పారు. గుడిదాకా నడవాలని ఉందేమోనని మేమందరం అనుకున్నాం. కోడలు నిజంగా మంచిది, ఒకరోజు పక్కన కూర్చుని అవ్వనే అడిగింది. అవ్వ తడుముకోకుండా, "బతుకమ్మ పేర్వాలె" అంది. ఏటేటా ఆ వీధికి బతుకమ్మ పేర్చే చెయ్యి ఆమెది. పేర్చాలంటే నేలమీద కూర్చోవాలి. కూర్చోకూడదు. ఇంకేముంది, అయిపోయిందనుకున్నాం. కాని ఆలోచిస్తే, ఆమెకు కావలసింది నేల కాదు, తాంబాళం. కోడలు మనవడి చదువుకునే బల్ల తెచ్చి వాకిట్లో వేసింది. పక్కన చేతుల కుర్చీ వేసింది. బల్ల మీద తాంబాళం పెట్టి, తంగేడూ గునుగూ కట్టలు కట్టి చేతికి అందించింది.

ఆ ఏడు మా వీధి బతుకమ్మ బల్ల మీద లేచింది. అవ్వ తిరిగి ఆడలేదు, కుర్చీలోనే కూర్చుంది. కూర్చుని ఊరుకుందా అంటే అదీ లేదు. పాట ఎత్తుకోవటం కూడా రాదా మీకని మమ్మల్నందరినీ వరసబెట్టి తిట్టింది.